అంబాసిడర్‌కు అలాయ్ చక్రాలా, రేడియల్ టైర్లా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు కారును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఊళ్లో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. అమ్మాయి హైదరాబాదులో కాపురం పెట్టింది కాబట్టి అప్పుడప్పుడు ఆ కారులోనే వెళ్లి రావాలని మా ఇద్దరికీ కోరిక. హైవే మీద 70 దాటితే స్టీరింగు వణుకుతోంది. లారీలు తిరిగి గాడులు పడ్డ చోట కారు తనంతట తాను పక్కకు లాగుతోంది. టైర్లు పాత 5.90–15 నైలాన్ టైర్లే. పదేళ్ల కిందట వేయించాను, గాట్లు ఇంకా నిండుగా ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒకరు 16 అంగుళాల అలాయ్ చక్రాలు, 205/55 టైర్లు వేయించుకోమన్నారు. ఇంకొకరు ఉన్న రిమ్ములకే 195/65 ఆర్15 ట్యూబ్‌లెస్ టైర్లు చాలన్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీకు ఇచ్చిన రెండు సలహాలలో ఏదీ మీ కారుకు తగినది కాదని ముందే చెప్పేస్తున్నాను. మీరు చేయవలసింది ఇంతకంటే చిన్న పని. ఉన్న ఇనుప రిమ్ములలో నిక్కంగా గట్టివి ఏవో పరీక్ష చేయించి, పాత టైరు ఎత్తుకు దగ్గరగా వచ్చే సన్నని రేడియల్ టైర్లు అయిదు కొని, వాటిలో కొత్త ట్యూబులు వేయించండి. అలాయ్ చక్రాల మీద పెట్టదలచిన డబ్బు మిగులుతుంది కదా, దానిని ముందు చక్రాల కీళ్లకూ బ్రేకులకూ ఖర్చు పెట్టండి. ఎందుకిలా అంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే షాపులో మీ పక్కన నేను ఉండను, కారణం తెలిస్తేనే మీరు అక్కడ మీ మాట మీద నిలబడగలుగుతారు.

ముందుగా ఇప్పుడున్న టైర్ల సంగతి. గాట్లు నిండుగా ఉన్నాయన్న ఒక్క కారణంతో పదేళ్ల టైర్లతో హైవే ఎక్కకండి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం కారు టైరు గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అయితే ఆ నియమం అరుగుదలను చూస్తుంది గాని వయసును చూడదు. తక్కువ తిరిగే కారు టైరు అరిగిపోయి పోదు, ఎండకూ గాలికీ ఎండిపోయి పోతుంది. ఒక చక్రం ఊడదీసి, టైరు పక్క భాగాన్ని వెలుతురుకు పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గాట్ల అడుగునా రిమ్ముకు ఆనుకునే అంచు దగ్గరా వెంట్రుకంత సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, వాటిలో మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. అంటే 2315 అని ఉంటే 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కొన్న తేదీని కాక ఆ తేదీని లెక్కలోకి తీసుకోవాలి. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా అయిదింటి మీదా ఇదే చూసి, ఏడాది దాటిన నిల్వ సరుకును మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి.

మన వాళ్లు నైలాన్ టైరు అని పిలిచే పాత రకంలో లోపలి దారాల పొరలు, నులక మంచం అల్లికలాగా, ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. ఈ అల్లిక వల్ల టైరు అడుగుభాగమూ పక్క భాగమూ ఒకే ముక్కలా కదులుతాయి. పక్క భాగం వంగితే అడుగుభాగం కూడా మెలిపడుతుంది. గాడి అంచు టైరును ఒక పక్కకు తోసినప్పుడు ఆ తోపుడు నేరుగా స్టీరింగు దాకా వస్తుంది. మీరు రాసిన లాగుడుకు ప్రధాన కారణం ఇదే. పైగా ఆ పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. వైశాఖ జ్యేష్ఠాలలో మన రోడ్ల మీద ఆ వేడికి తారు వేడి కూడా తోడవుతుంది. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా పోతాయి, అడుగుభాగం కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. అందువల్ల పక్క భాగం మెత్తగా వంగినా అడుగుభాగం రోడ్డు మీద బల్లపరుపుగానే నిలుస్తుంది, వేడి తక్కువ పుడుతుంది, వాన నీటిలో పట్టు మెరుగ్గా ఉంటుంది. హైవే ప్రయాణం కోసం మీ కారుకు చేయదగిన మార్పులలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, వెడల్పు పెంచడం కాదు.

ఇక కొలతలు. 5.90–15 అంటే టైరు ఇంచుమించు 5.9 అంగుళాల వెడల్పు, రిమ్ము 15 అంగుళాల వ్యాసం. పాతకాలపు టైరు పక్క భాగం ఎత్తు దాదాపు వెడల్పంత ఉంటుంది కాబట్టి మొత్తం వ్యాసం సుమారు 66 సెంటీమీటర్లు అవుతుంది. కొత్త కొలతలలో మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క భాగం ఎత్తు ఎంత శాతమో చెబుతుంది, ఆర్ అంటే రేడియల్, చివరిది రిమ్ము వ్యాసం. 195/65 ఆర్15 తీసుకుంటే, 195 మిల్లీమీటర్లలో 65 శాతం 127 మిల్లీమీటర్లు. దానిని రెట్టించి, 15 అంగుళాలకు 381 మిల్లీమీటర్లు కలిపితే 63.5 సెంటీమీటర్లు మాత్రమే వస్తుంది. 205/55 ఆర్16 కూడా ఇదే లెక్కలో 63 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. చక్రం నాలుగు శాతం చిన్నదైందన్నమాట. అంటే మీ కారు నిజంగా 80 వేగంతో పోతున్నప్పుడు ఇంజను 83 వేగానికి తిరగవలసినంత తిరుగుతుంది, మీటరూ అంతే చూపిస్తుంది. నాలుగే గేర్లున్న ఆ 1489 సీసీ ఇంజను హైవే మీద ఇప్పటికే కష్టపడుతోంది, హైవే కోసమని చక్రం మార్చి దానికి ఇంకా శ్రమ పెంచడం తగదు. కారు అడుగు కూడా సెంటీమీటరు పైచిలుకు నేలకు దగ్గరవుతుంది.

ఈ లెక్కను నా మాట మీద నమ్మవలసిన పని లేదు, మీరే కొలుచుకోవచ్చు. గాలి సరిగా పట్టించి, కారును చదునైన గచ్చు మీద నిలిపి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టండి. వెనక టైరు నేలను తాకే చోట టైరు మీదా గచ్చు మీదా సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత మూడుసార్లు కిందికి వచ్చేదాకా కారును తిన్నగా తోసి, నేల మీద దూరాన్ని టేపుతో కొలిచి మూడుతో భాగించండి. రెండు మీటర్లకు అటూ ఇటూగా ఒక సంఖ్య వస్తుంది. అది రాసి పెట్టుకోండి. కొత్త టైర్లు వేయించాక మళ్లీ అలాగే కొలిచినప్పుడు తేడా రెండు మూడు శాతానికి మించకుండా ఉంటే మీ స్పీడోమీటరు నమ్మదగినదిగానే ఉంటుంది.

ఆ ఎత్తుకు దగ్గరగా వచ్చే రేడియల్ కొలతలలో 175/80 ఆర్15 వ్యాసం 66 సెంటీమీటర్లు, 165/80 ఆర్15 వ్యాసం 64.5 సెంటీమీటర్లు. అన్ని వేళలా షాపులో నిల్వ ఉండే కొలతలు కావివి. తెప్పించమని చెప్పి కొన్నాళ్లు ఆగండి గాని, అందుబాటులో ఉన్నదే వేసేద్దామన్న మాటకు ఒప్పుకోకండి. ముఖ్యంగా బొలెరోకు వేసే 215/75 ఆర్15 కూడా 15 అంగుళాల రిమ్ముకే కదా అని ఎవరైనా చూపిస్తే వద్దనండి. దాని వ్యాసం 70 సెంటీమీటర్లు దాటుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపల రాసుకునే ప్రమాదం ఉంది. చిన్న సరుకు బండ్లకు వేసే గట్టి టైర్లు కూడా వద్దు. వాటికి ఎక్కువ గాలి కావాలి, అంత గాలితో తేలికైన కారు ఎగిరెగిరి పడుతుంది.

టైరు కొలత పక్కన ఉండే సంఖ్య అది మోయగల బరువును తెలుపుతుంది. 82 అంటే 475 కిలోలు, 84 అంటే 500 కిలోలు, 88 అంటే 560 కిలోలు. మీ కారు ఖాళీగానే టన్ను దాటుతుంది. అయిదుగురూ ఎక్కి, వెనక డిక్కీలో పచ్చళ్ల జాడీలూ బియ్యం బస్తా కూడా పెట్టుకుని కూతురింటికి బయలుదేరితే ఒకటిన్నర టన్నులు దాటడం కష్టమేమీ కాదు, అందులో సగానికి పైగా వెనక చక్రాల మీదే పడుతుంది. కాబట్టి 84కు తక్కువ సంఖ్య ఉన్న టైరు తీసుకోవద్దు. వేగాన్ని తెలిపే అక్షరం ఎస్ అయితే 180, టి అయితే 190 వరకు. మీకు ఏదైనా చాలు. ఐఎస్ఐ గుర్తు తప్పకుండా ఉండాలి.

ఉన్న రిమ్ములకే 195 టైర్లు వేయవచ్చన్న సలహాలో మరో లోపం ఉంది. 195/65 ఆర్15 టైరుకు కనీసం 5.5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. అంబాసిడర్ ఇనుప రిమ్ము అంతకంటే బాగా సన్నం. టైరు తీసిన రోజున రిమ్ము రెండు అంచుల లోపలి ముఖాల మధ్య దూరాన్ని మీరే కొలిచి చూడండి. సన్న రిమ్ములో వెడల్పు టైరును ఇరికిస్తే పక్క భాగాలు బుగ్గల్లా ఉబ్బి, అడుగుభాగం మధ్యలో గుండ్రంగా లేస్తుంది. మలుపులో టైరు రిమ్ము మీద ఊగుతుంది. వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందని మీరు ఆశించారు గాని, ఇక్కడ అది తగ్గుతుంది. 165 కొలతకు 4 అంగుళాల రిమ్ము నుంచి, 175కు 4.5 అంగుళాల నుంచి సరిపోతుంది కాబట్టి ఏది కొనాలన్నది ఆ టేపు కొలతే తేలుస్తుంది.

అలాయ్ చక్రాల మీద నాకు ద్వేషం లేదు. మీ కారుకు తగినట్లు ప్రత్యేకంగా తయారైన చక్రం దొరికితే వేరే మాట. ఆటోనగర్‌లో సాధారణంగా చూపించేవి మరో కారు కోసం చేసినవి. చక్రాన్ని బిగించే బోల్టుల, అంటే స్టడ్ల, మధ్య కొలత కుదిరినంత మాత్రాన చక్రం కుదిరినట్లు కాదు. చక్రం హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని మోసే భాగానికి) ఆనే తలం రిమ్ము మధ్యగీతకు ఎంత లోపల లేదా ఎంత బయట ఉందన్నది అసలు విషయం. అది మారి చక్రం బయటికి జరిగితే బేరింగుల మీద బరువు పెరుగుతుంది, ప్రతి గుంతా స్టీరింగును చేతిలోంచి లాగుతుంది. నట్టు కూర్చునే గుంట ఆకారం వేరైతే నట్టు బిగినట్లే కనిపించి ప్రయాణంలో వదులవుతుంది. ఖాళీ నింపడానికి మధ్యలో పళ్లెం లాంటి స్పేసరు పెడతామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ కారు ముందు భాగం టార్షన్ బార్ల (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల) మీద, వెనక భాగం కమాన్ కట్టల మీద నిలుస్తుంది, ఎత్తైన టైరు మెత్తదనాన్ని కూడా లెక్కలో పెట్టుకుని ఆ అమరిక చేశారు. 205/55 టైరు పక్క భాగం ఎత్తు 11 సెంటీమీటర్లే కాబట్టి గుంత దెబ్బ నేరుగా చక్రానికీ పాత కీళ్లకూ తగులుతుంది. వీటికి తోడు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పదిహేనేళ్లు దాటిన కారు కనుక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లవలసిన వారు మీరు. అక్కడా, ఖర్మ కాలి ప్రమాదం జరిగితే బీమా దగ్గరా వాదనకు తావు ఇవ్వకపోవడం మంచిది.

రిమ్ముల పరీక్షకు ఒక పూట కేటాయించండి. నాలుగు చక్రాలూ స్టెప్నీ కూడా ఊడదీయించి, పాత రంగు గీకించి, మధ్య పళ్లెం బయటి వలయానికి అతికిన చోటూ స్టడ్ల రంధ్రాల చుట్టూ వెలుతురులో చూడాలి. రేడియల్ టైరు మలుపులో రిమ్ము మీద వేసే ఒత్తిడి తీరు వేరు. నైలాన్ టైర్ల కింద ఏళ్ల తరబడి నిలిచిన సన్న పగులు రేడియల్ కింద పెరగవచ్చు. పగిలిన రిమ్ముకు వెల్డింగు పెట్టించి వాడవద్దు, పక్కన పడేయండి. స్టడ్ల రంధ్రాలు కోలగా సాగినా అంతే. తరువాత రిమ్మును హబ్బుకు బిగించి, ఊగుడును ముల్లుతో కొలిచి చూపే డయల్ గేజి ఆనించి తిప్పించండి. అంచు ఒక మిల్లీమీటరు వరకు ఊగితే మంచి రిమ్ము, రెండు దాటితే హైవేకి పనికిరాదు. మీ స్టీరింగు వణుకులో కొంత భాగం ఇక్కడే దొరుకుతుందని నా అంచనా.

ట్యూబ్‌లెస్ సంగతి కూడా ఆ పూటే తేలిపోతుంది. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ములో, టైరు అంచు కూర్చునే చోటికి కాస్త లోపలగా చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు అంచు లోపలికి జారకుండా అదే ఆపుతుంది. రిమ్ము అంచు నుంచి లోపలికి వేలు జరిపితే ఆ గట్టు చేతికి తగలాలి. తగలకపోతే, లేదా టైరు కూర్చునే చోట తుప్పు గుంటలు ఉంటే, ట్యూబు లేకుండా నడపడం ప్రమాదం. ట్యూబు వేసేటట్లయితే అది రేడియల్‌కు తగినదై, టైరు కొలతకు సరిపోయి, కొత్తదై ఉండాలి. పాత ట్యూబు సాగి ఉంటుంది, మడత పడి ఆ మడత దగ్గరే తెగుతుంది. కొత్త టైరు లోపలి గోడకు కాగితపు చీటీలు అతికించి ఉంటాయి, వాటిని పూర్తిగా ఒలిచి తీయించండి. ఎవరూ పట్టించుకోని ఆ చీటీ అంచు వేడిలో ట్యూబును రాసి రాసి కోసేస్తుంది. రిమ్ము లోపలి అతుకును నునుపు చేయించి, ట్యూబుకు పౌడరు చల్లించి, ముందు కొద్దిగా గాలి పట్టి, మొత్తం వదిలేసి, మళ్లీ నిండుగా పట్టమనండి. అలా చేస్తే ట్యూబు మడతలు విప్పుకుని సర్దుకుంటుంది.

చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేసే బ్యాలెన్సింగులో ఒక మెలిక ఉంది. నేటి యంత్రాలు చక్రాన్ని మధ్య రంధ్రంలో శంకువు దూర్చి కేంద్రానికి తెస్తాయి. మీ పాత రిమ్ము కారు మీద నట్ల వల్ల కేంద్రానికి వస్తుంది, మధ్య రంధ్రం అంత ఖచ్చితంగా కోసి ఉండదు. అందువల్ల యంత్రం సున్నా చూపించినా రోడ్డు మీద వణుకు పోకపోవచ్చు. స్టడ్ల రంధ్రాలతోనే చక్రాన్ని పట్టుకునే పళ్లెం ఉన్న షాపును వెతకండి. ఆ పళ్లెం లేదంటే, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూపించమని అడగండి. రెండోసారి అంకె మారితే ఆ బ్యాలెన్సింగు నమ్మదగినది కాదు.

ఇంత చేసినా వణుకు మిగిలితే టైర్లను తప్పు పట్టకండి. పాత టైర్ల మీద వణుకు పొద్దున బయలుదేరిన మొదటి కొన్ని కిలోమీటర్లే ఉండి తర్వాత తగ్గుతుంటే, అది నిలిపి ఉంచిన నైలాన్ టైరు అడుగున పడ్డ చదును వల్ల వచ్చినది, టైర్లతో పాటే పోతుంది. ఒక వేగంలో వచ్చి మరో వేగంలో మాయమైతే బ్యాలెన్సింగు. బ్రేకు నొక్కినప్పుడే వస్తే డ్రమ్ము కోలబడింది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపినప్పుడు టకటకమంటే కీళ్లలోనో బేరింగులోనో ఆట ఉంది. దాన్ని సరిచేయకముందు అలైన్‌మెంట్‌కు, అంటే చక్రాల దిశ సరిచేయించడానికి, డబ్బు పెట్టడం దండగ. రేడియల్ వేసిన తర్వాత ముందు చక్రాల మొనలు లోపలికి చూసే కొలత పాతదానికంటే కాస్త తక్కువ ఉంటే సరిపోతుందని అలైన్‌మెంట్ చేసేవారికి చెప్పండి. మరొకటి: టైరు పట్టు పెరిగినంత మాత్రాన డ్రమ్ము బ్రేకు బలం పెరగదు. లైనింగులు, చక్రం దగ్గరి రబ్బరు గొట్టాలు చూపించి, బ్రేకు ఆయిలు మార్పించాకే దూరం వెళ్లండి.

ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాన్, మరో పక్క రేడియల్ ఎన్నడూ ఉండకూడదు. అందుకే అయిదు కొనమన్నాను. స్టెప్నీ నైలాన్‌దైతే పంక్చరైన రోజున సరిగ్గా ఆ పరిస్థితే వస్తుంది. గాలి విషయంలో, ఇద్దరు ముగ్గురు ప్రయాణించేటప్పుడు ముందు 28, వెనక 30 పౌండ్లతో మొదలుపెట్టండి. నిండు బరువుకు వెనక 32 చేయండి. పొద్దున్నే చక్రం చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. అరగంట హైవే ప్రయాణం తర్వాత మళ్లీ కొలిస్తే నాలుగైదు పౌండ్లు పెరగడం సహజం, ఆ పెరిగిన గాలిని తీయకూడదు. అంతకు మించి పెరిగితే మొదట పట్టిన గాలి తక్కువైందని అర్థం.

కొత్త టైర్లతో నేరుగా హైదరాబాదు బయలుదేరవద్దు. చల్లని వేళ గుంటూరు నుంచి చిలకలూరిపేట దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద 60 వేగంతో వెళ్లి, అక్కడ నట్లన్నీ ఎదురెదురుగా మళ్లీ బిగించి, తిరుగు ప్రయాణంలో 80 దాకా పెంచి చూడండి. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు 100 వరకు అనుమతి ఉన్నా మీ కారుకు 80 హాయైన వేగం, ఆ పైన దాని బ్రేకులు ఆ వేగానికి తగినవి కావు. హైదరాబాదుకు విజయవాడ మీదుగా 65వ నంబరు రహదారిలో వెళ్లినా, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరినా, మొదటి ప్రయాణంలో గంటకోసారి ఆగి నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టి ఉంది, లేదా బేరింగు బిగుసుకుంది. దగ్గరలో మెకానిక్కుకు చూపించాకే ముందుకు కదలండి.